ఏ కట్టకు బలమెక్కువ?

సంక్రాంతికి గురజాల వెళ్తే మా ఇంటి అరుగు మీద రెండు పేకాటలు సాగుతుంటాయి. ఓ పక్క మా పెదనాన్న, ఆయన ఈడువాళ్లు దుప్పటి పరిచి పదమూడు ముక్కలాట వేస్తారు. రెండో పక్క మా అక్క కొడుకు, వాడి స్నేహితుడు గోడకు చేరగిలబడి సెల్‌ఫోన్లలో హార్త్‌స్టోన్ ఆడతారు. ఈ ఏడు పెద్దవాళ్ల వైపు గొడవేమీ లేదు, కుర్రాళ్లే గొంతు పెంచారు. ఆ ఆటకు ఇంతవరకు వచ్చిన ఎక్స్‌పాన్షన్లలో అన్నిటికన్నా బలమైనది ఏదన్నది వాళ్ల తగవు. "నువ్వు చెప్పు మావయ్యా" అని నా మీదికి తోశారు. అప్పటికి ఒక పేరు చెప్పి లేచాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పేకాట మీద ఇన్ని చట్టాలు, ఇన్ని తీర్పులు చూసిన తెలుగు నేల మనది. ముక్కకు బలం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న ఇక్కడ చిన్నదేమీ కాదు.

ఆట తెలియనివారి కోసం కొంచెం చెప్పాలి. హార్త్‌స్టోన్‌ను బ్లిజార్డ్ అనే అమెరికా కంపెనీ 2014 మార్చిలో విడుదల చేసింది. ఆటగాడు 30 ముక్కల కట్ట కట్టుకుని బరిలోకి దిగుతాడు. ప్రతి ముక్కకూ ఒక ధర ఉంటుంది. ఆ ధర చెల్లించే శక్తి వంతుకు ఒకటి చొప్పున పది దాకా పెరుగుతుంది. ఎదుటివాడి 30 ప్రాణాలను ముందు హరించినవాడిదే గెలుపు. రమ్మీలో కట్ట అందరికీ ఒకటే, ఇక్కడ ఎవరి కట్ట వారిది. నాలుగు నెలలకోసారి కంపెనీ కొత్త ముక్కలు దించుతుంది, ఆ విడతనే ఎక్స్‌పాన్షన్ అంటారు. 2017లో వచ్చిన మూడు ఎక్స్‌పాన్షన్లలో ఒక్కోదానిలో 135 ముక్కలున్నాయి. పాతబడ్డవి ఏటా ఒకసారి 'స్టాండర్డ్' పోటీల నుంచి తప్పుకుంటాయి, 'వైల్డ్'లో మాత్రం చెల్లుతాయి.

కుర్రాళ్ల వాదనలో పస లేకపోలేదు. మావాడు 'యాషెస్ ఆఫ్ అవుట్‌ల్యాండ్' వైపు. 2020 ఏప్రిల్‌లో అది వచ్చినప్పుడు డీమన్ హంటర్ అనే కొత్త వీరుణ్ణి తెచ్చింది. ఆ వీరుడు ఎంతగా చెలరేగాడంటే రెండు రోజులు తిరక్కుండానే కంపెనీ అతని ముక్కలకు కోత పెట్టింది. 'స్కల్ ఆఫ్ గుల్దాన్' ధరను 5 నుంచి 6కు పెంచింది. వాడి స్నేహితుడు 2021 ఆగస్టులో వచ్చిన 'యునైటెడ్ ఇన్ స్టార్మ్‌విండ్'కు ఓటేశాడు. అందులో 'ద డీమన్ సీడ్' అని ఒక ముక్క ఉంది. దాన్ని వేసినవాడు తన వంతులో తనను తానే గాయపరచుకుంటూ పోతాడు. మెట్లన్నీ దాటాక ఆ గాయాలు ఎదుటివాడికి తగలడం మొదలవుతుంది. పాత ముక్కలన్నీ చెల్లే వైల్డ్‌లో సైతం దాన్ని నిషేధించాల్సి వచ్చింది.

అయినా నా ఓటు 2017 ఆగస్టులో వచ్చిన 'నైట్స్ ఆఫ్ ద ఫ్రోజెన్ థ్రోన్'కే. అవుట్‌ల్యాండ్ ఉప్పెనలా వచ్చింది, కోత పడగానే తగ్గింది. ఫ్రోజెన్ థ్రోన్ బలం 2019 ఏప్రిల్‌లో స్టాండర్డ్ నుంచి తప్పుకునే దాకా ఆటను వదల్లేదు. అప్పట్లో ఉన్న తొమ్మిది వీరుల తరగతులకూ అది ఒక్కో 'డెత్ నైట్' ముక్కనిచ్చింది. మామూలుగా బల్ల మీదికి ఏ సైనికుడు దిగినా ఎదుటివాడు వాణ్ణి చంపవచ్చు, మంత్రంతో కప్పను చేయవచ్చు. డెత్ నైట్‌ను వేస్తే ఆటగాడి వీరుడే మారిపోతాడు. అతను ధర చెల్లించి వాడే ప్రత్యేక శక్తి ఆట ముగిసే దాకా కొత్తదై ఉంటుంది. తీసేసే మార్గం ఎదుటివాడికి దాదాపు లేదు. జవాబు లేని ముక్కకంటే బలమైన ముక్క ఏ ఆటలో ఉంటుంది?

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. 2016 డిసెంబరులో వచ్చిన ఎక్స్‌పాన్షన్‌లో 'రజా ద చెయిన్డ్' అనే ముక్క ఉంది. కట్టలో ఏ ముక్కా రెండుసార్లు లేకపోతే అది వీరుడి శక్తిని ఉచితం చేస్తుంది. ఎనిమిది నెలల తర్వాత ఫ్రోజెన్ థ్రోన్ 'షాడోరీపర్ అండుయిన్'ను తెచ్చింది. అతని శక్తి రెండు దెబ్బలు. ముక్క వేసిన ప్రతిసారీ ఆ శక్తి మళ్లీ సిద్ధమవుతుంది. రెంటినీ జత చేస్తే చూడండి: ముక్క వేయి, రెండు దెబ్బలు, ఇంకో ముక్క వేయి, ఇంకో రెండు. పది ప్రాణాలూ పన్నెండు ప్రాణాలూ ఒక్క వంతులో ఎగిరిపోయేవి. 2018 ఫిబ్రవరిలో కంపెనీ దిగివచ్చింది. కోత అండుయిన్‌కు పడలేదు, అండుయిన్ రాకముందు ఎనిమిది నెలలూ ఎవరి జోలికీ పోని రజాకు పడింది. ఉచితంగా ఉన్న శక్తికి ఒకటి ధర కట్టారు.

అరుగు మీది పెద్దవాళ్లకు ఈ లెక్క ఒకరు చెప్పనక్కర్లేదు. చేతిలో ఆఠీన్ ఏడు ఒంటరిగా ఉంటే అది పారేసే ముక్క. ఆరో ఎనిమిదో వచ్చిందా, దాన్ని ప్రాణంలా పట్టుకుంటారు. అందుకే ఎక్స్‌పాన్షన్‌ను దాని 135 ముక్కలతోనే తూచడం తప్పంటాను. అప్పటికే జనం చేతుల్లో ఉన్న ముక్కలను అది ఏం చేసిందో చూడాలి. కొన్నిటిని బతికించి ఉండవచ్చు, కొన్నిటిని చెత్త చేసి ఉండవచ్చు.

చెత్త చేయడం అన్నాను గనక డబ్బు సంగతి దాటేయకూడదు. మా ఊళ్లాంటి చోట్ల ఫోనుకు నెట్ చవకగా అందింది 2016 సెప్టెంబరులో జియో వచ్చాకే. ఆ మరుసటి ఏడే ఫ్రోజెన్ థ్రోన్ వచ్చింది. దాని తొలి అంకం ఆడి గెలిస్తే ఏదో ఒక డెత్ నైట్ ఉచితంగా ఇచ్చేవారు. మావాడికి రెక్సార్ అనే డెత్ నైట్ వచ్చాడు. వారం పాటు ఇంట్లో ఎవరు కనపడితే వాళ్లకు ఆ ఫోను చూపించాడు. మిగతా ఎనిమిదింటికీ దారి ప్యాకులు కొనడం, లేదా ఉన్న ముక్కలు కరిగించి ఆ ధూళితో కొత్తది చేసుకోవడం. డెత్ నైట్ లాంటి ఒక లెజెండరీ ముక్కకు 1600 ధూళి కావాలి. మామూలు ముక్కను కరిగిస్తే దక్కేది 5. అంటే 320 ముక్కలకు ఒకటి. ప్యాకులో 5 ముక్కలుంటాయి, ఏవి వస్తాయో విప్పేదాకా తెలియదు. కోత పడ్డ ముక్కను కొన్నాళ్ల పాటు పూర్తి విలువకు వాపసు తీసుకోవడం ఆ ఆట పద్ధతి. రజా ఉన్నవాడికి 1600 తిరిగి వచ్చాయి. రజా కోసమే అండుయిన్‌ను చేసుకున్నవాడికి ఆ అండుయిన్ కరిగిస్తే 400. జతను విడగొట్టి ఒక సగానికే పరిహారం ఇవ్వడం ఏ లెక్కన చూసినా న్యాయం కాదు.

పలనాడులో పుట్టినవాడిగా నాకు ఈ మాట రాస్తుంటే గురజాల నాగమ్మ, మాచర్ల బ్రహ్మనాయుడు గుర్తుకు రాక మానరు. గురజాలలో కోడిపందెం పెట్టారు, ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి పోవాలన్నారు, మాచర్ల వాళ్లు పోయారు, చివరికి కారెంపూడిలో నెత్తురు పారింది. మా ఊళ్లో ఆ కథ చెప్పుకునేటప్పుడు ఏ పుంజుది బలమని ఎవరూ అడగరు. షరతు ఎవరు పెట్టారు, బరిలో మాయ జరిగిందా అనే అడుగుతారు. ఎక్స్‌పాన్షన్ల విషయంలో నేనూ అదే అడుగుతున్నాను.

మొదట్లో అన్న చట్టాలు, తీర్పుల సంగతికొస్తే, రమ్మీ మీద సుప్రీంకోర్టు మొదట పెద్ద మాట చెప్పింది ఆంధ్రప్రదేశ్ కేసులోనే. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. ఆ కేసు ఢిల్లీ దాకా వెళ్లింది. పడిన ముక్కలను గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కనుక రమ్మీలో నైపుణ్యానిదే పైచేయి అని 1967లో న్యాయస్థానం తేల్చింది. మూడుముక్కలాటను అదృష్టం కిందే ఉంచింది. అర్ధశతాబ్దం తర్వాత ఆన్‌లైన్ రమ్మీ అప్పులు ఇళ్లను కూలుస్తుంటే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆ నైపుణ్యపు మినహాయింపును పక్కనపెట్టి ఆ ఆటను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా మూసేసి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. ఆ పని మంచిదే. హార్త్‌స్టోన్‌లో నైపుణ్యం ఉందనడానికి 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రదర్శన పోటీగా పెట్టినప్పుడు గుజరాత్ కుర్రాడు తీర్థ్ మెహతా గెలిచిన కాంస్యమే చాలు.

కానీ 1967 నాటి కొలత ఈ ఆటకు సగమే సరిపోతుంది. రమ్మీలో 52 ముక్కలు మా తాత నాడు ఎలా ఉన్నాయో నేడూ అలాగే ఉన్నాయి. ముప్పై ఏళ్ల అనుభవం ముప్పై ఏళ్లూ పనికొస్తుంది. ఇక్కడ నాలుగు నెలలకోసారి కంపెనీ కొత్త బలాన్ని అమ్ముతుంది, రాత్రికి రాత్రి పాత బలాన్ని కోస్తుంది. 2023లో చైనా భాగస్వామితో ఒప్పందం ముగిసి అక్కడ సర్వర్లు ఆగిపోతే హాంగ్‌జౌ ఆసియా క్రీడల నుంచి ఈ ఆటే తప్పుకుంది. ఆటగాళ్ల నైపుణ్యం ఎక్కడికీ పోలేదు, ఆడే చోటే లేకుండా పోయింది.

మన చట్టం అడిగేది ఒకటే: డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆశ ఉందా? ప్యాకులో గెలిచే డబ్బు లేదు కనుక అది ఆ వలలో పడడం కష్టం. పడాలని నేనూ కోరను. నిషేధిస్తే మావాడి రెక్సార్ కూడా పోతాడు. చైనా 2017 నుంచే ఇలాంటి ప్యాకుల్లో దేనికెంత అవకాశముందో బయటపెట్టాలని కంపెనీలను ఆదేశించింది. బెల్జియం 2018లో డబ్బుతో కొనే ఇలాంటి పెట్టెలను జూదం కింద లెక్కగట్టింది. కొత్త చట్టం కింద పనిచేయాల్సిన అథారిటీ ఆ మొదటి దారి పడితే చాలు. కొనే బటన్ పక్కనే లెజెండరీ వచ్చే అవకాశం ఎంతో తెలుగులో కనబడాలి. ముక్కకు కోత పెడితే దాని జతకూ పూర్తి వాపసు ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాడు నెలకు ఇంతకు మించి కొనకుండా హద్దు ఉండాలి.

ఆ సాయంత్రం మావాడు తన రెక్సార్‌ను వైల్డ్‌లో దించాడు. ఎనిమిదేళ్ల నాటి ముక్క. మా పెదనాన్న చేతిలో ముక్కలు మూసి, కళ్లజోడు సర్దుకుని, ఆ ఫోనులోకి తొంగిచూశారు. "ఇది ఇంకా చెల్లుతుందట్రా?" అని అడిగారు. చెల్లుతుందని వాడు తలూపాడు.