చదివి వినిపించారా?

పూర్వం దస్తావేజు వ్రాస్తే లేఖరి బిగ్గరగా చదివి వినిపించేవాడు. ఆ తరువాతనే వేలిముద్ర. ఇప్పుడు రిచీ వీధిలో కొన్న ఫోను తెరవగానే పేజీలకొద్దీ ఇంగ్లీషు షరతులు, అడుగున ‘అంగీకరిస్తున్నాను’ అనే మీట. నొక్కనిదే ఫోను పనిచేయదు. నొక్కితే మన రాకపోకలు, (చేతి గడియారమైతే) గుండె దడ సహా ఎవరి పద్దులో చేరుతున్నవో తెలియదు. దీనిని సమ్మతి అనడం న్యాయమా?

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. 2023లో వచ్చిన చట్టం ప్రకారం ఏ సమాచారం, ఎందుకు తీసుకుంటున్నారో తేలిక మాటలలో చెప్పాలి. రాజ్యాంగం 8వ షెడ్యూలులోని 22 భాషలలో మనం కోరినదానిలో చూపాలి. అందులో తెలుగున్నది! చెన్నపట్నంలో తెలుగు కాగితం అడిగే అలవాటే మనకు తప్పిపోయింది గదా. ఇచ్చిన సమ్మతిని, ఇచ్చినంత సులువుగానే వెనక్కు తీసుకోవచ్చునట కూడా.

నియమాలు 2025 నవంబరులో వెలువడినా, ఈ బాధ్యతలకు సంస్థలకు 18 నెలల గడువిచ్చారు. మరీ ఉదారమైన గడువు! ఈలోగా ఇంట్లో పెద్దవారి ఫోనులో ఏ ఏ అనుమతులున్నవో పిల్లలచేత చూపించుకోండి. టార్చిలైటు యాప్‌కు మన బంధువుల నంబర్లతో ఏమి పని?