మీట నొక్కితే మనుషులు

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటకు జనం ఎందుకు తరిగిపోయారని అడిగితే అందరి నోటా వినవచ్చే సమాధానం ఒక్కటే: పాతబడిపోయింది. బొమ్మలు నాటువి, కుర్రకారు సెల్‌ఫోన్లకు మరలారు, కాలధర్మం! ఇంతకంటె సోమరి సమాధానం మరొకటి ఉండదని నా అభిప్రాయం. పాతబడడమే దోషమైతే చదరంగం ఏనాడో అటకెక్కవలసింది.

లెక్కలు చూడండి. 2004 నవంబరులో మొదలైన ఈ ఆటకు 2010 అక్టోబరు నాటికి 1.2 కోట్ల మంది చందాదారులు. 2015 మధ్యకు 56 లక్షలు. ఆ ఏడు నవంబరులోనే బ్లిజర్డ్ సంస్థ ఇకమీదట ఈ లెక్క వెల్లడించబోమని ప్రకటించింది. ఇంటి పెద్ద జమాఖర్చుల పుస్తకం దాచాడంటే దాని అర్థం మీకు నేను చెప్పనక్కరలేదు.

నేను ఆడిన తొలి రోజుల్లో ఒక గుహలోకి పోవాలంటే ఐదుగురు కావాలి. దెబ్బలు కాచేవాడొకడు, గాయాలు మాన్పేవాడొకడు, కొట్టేవాళ్లు ముగ్గురు. ఐరన్‌ఫోర్జ్ వీధుల్లో నిలబడి అరగంట సేపు కేకలు వేయవలసిందే. దొరికాక గుహ దాకా ప్రయాణం. మాటలన్నీ ఆ దారిలోనే. మాకు గాయాలు మాన్పిన పెద్దమనిషి అసలు పేరు నాకు నేటికీ తెలియదు. ఆయన కూతురి పరీక్షల తేదీలు మాత్రం తెలుసు. సొత్తు కాజేసి పారిపోయినవాడి పేరు ఆ సర్వరంతా మారుమోగేది. మర్నాడు వాణ్ణి పిలిచే నాథుడుండడు. పల్లెటూళ్లో పరువు పనిచేసే తీరు సరిగ్గా ఇదే.

2009 డిసెంబరులో డంజన్ ఫైండర్ అనే సదుపాయం వచ్చింది. మీట నొక్కితే చాలు, వేరే సర్వర్ల నుంచి కూడా నలుగురిని తెచ్చి మీ ముందు నిలబెడుతుంది, నడక లేకుండా అందరినీ గుహలోనే దింపుతుంది. పని అయిపోగానే ఎవరి దారి వారిది. మళ్లీ కనబడని మనిషితో మర్యాదేమిటి, మాటేమిటి? 2011 నవంబరులో పెద్ద దండయాత్రలకూ ఇలాంటి మీటే పెట్టారు. 2014 నవంబరులో మరో అడుగు వేసి ఆటగాడికో సొంత కోట కట్టించి, గనీ మూలికల తోటా పెరట్లోనే పెట్టారు. ఇక వీధిలోకి రావలసిన పనేమున్నది? ఆ విడుదల వేళ కోటి దాటిన చందాదారులే ఏడాది తిరక్కుండా పైన చెప్పిన 56 లక్షలైనది.

ఇక్కడ పూర్వపక్షం ఒకటున్నది, గట్టిదే. మీట వచ్చింది 2009లో, శిఖరం 2010లో కదా అని. నిజమే. కాని ఆ ఏడు ఆగస్టు చివరలోనే చైనాలో లిచ్ కింగ్ భాగం విడుదలైంది. కొత్త నీరు వచ్చి పడుతున్నంత కాలం చెరువుకు గండి పడినట్టు తెలియదు.

పాత ఆటనే మళ్లీ ఇమ్మని 2013 బ్లిజ్‌కాన్‌లో ఒకాయన అడిగితే, నిర్మాతల్లో ఒకరైన జె. అలెన్ బ్రాక్, కావాలని మీరనుకుంటున్నారే గాని నిజానికి మీకక్కరలేదు అన్న ధోరణిలో బదులిచ్చారు. 2019 ఆగస్టులో అదే పాత ఆటను క్లాసిక్ పేరుతో విడుదల చేయక తప్పలేదు. మీట లేని ఆటలోకి ప్రవేశించడానికి జనం గంటల తరబడి వరుసల్లో నిలబడ్డారు. పాతబడిందన్న వాదన ఆ వరుసల ముందు ఎలా నిలుస్తుందో నాకు బోధపడదు.

అయితే తప్పంతా సంస్థ నెత్తిన రుద్ది చేతులు దులుపుకొనే హక్కు నాకు లేదు. 2009లో ఆ మీట వచ్చిన వారమే నేనూ నొక్కాను, రోజుకు నాలుగేసి సార్లు. 2022లో లిచ్ కింగ్ క్లాసిక్‌ను ఆ మీట లేకుండానే విడుదల చేసి, తీరా 2023లో అందులోనూ తెచ్చిపెట్టారు. పెట్టమని అడిగినవాళ్లు ఆటగాళ్లే. కెనడా పెద్దమనిషికి నేను చివరిసారి ఎప్పుడు కబురు పెట్టానో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. గుర్తు రాలేదు.