చెరువున్న ఊరు ప్లాట్లుగా మిగలొద్దు

హైదరాబాద్‌కు ముప్పై కిలోమీటర్ల దూరంలో, సాగర్ రహదారిపై ఉన్న ఇబ్రహీంపట్నం మహానగరంలో కలిసిపోవడమే ప్రగతి అన్న వాదన సరికాదు. కొలువు కావాలంటే నగరం నడిబొడ్డునే ఉండాలన్న మాటకు ఇదే మండలంలోని ఆదిభట్లే జవాబు. అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజ్‌లాజ్‌లు 2018లో ప్రారంభమైన అక్కడి టాటా బోయింగ్ కర్మాగారంలోనే తయారవుతున్నాయి. పనే ఊరి దగ్గరికి రాగలిగినప్పుడు పెద్దాసుపత్రి, మంచి బడి, రాత్రిపూట నడిచే బస్సు ఎందుకు రాకూడదు? నగరం గొప్పదనమంతా ఈ వసతుల్లోనే ఉంది. వాటిని ఎక్కడైనా కల్పించుకోవచ్చు. పల్లెకున్న నేల, నీరు మాత్రం ఒకసారి పోతే తిరిగి రావు.

భూముల ధరలు పెరిగి రైతు బాగుపడ్డాడు కదా అంటారు. పట్టా ఉన్నవారికి డబ్బొచ్చిన మాట నిజమే. కౌలుదారుకు, కూలికి దక్కిందేమిటి? హద్దురాళ్లు పాతిన వెంచర్లలో నాట్లుండవు, కలుపుతీతలుండవు. ఈసీ వాగు నీటిని కుతుబ్‌షాహీల నాటి ఇబ్రహీంపట్నం పెద్దచెరువుకు చేర్చేందుకు తవ్విన ఫిరంగి నాలా ఆక్రమణల పాలైతే చెరువు నిండక బోర్లూ ఎండుతాయి. మహానగరం కృష్ణా నీటిని ఎంతో దూరం నుంచి ఎత్తిపోసి తెచ్చుకుంటోంది. చెంతనే చెరువున్న ఊరికి ఆ గతి పట్టకూడదు. లేఅవుట్లకు అనుమతిచ్చే ముందే చెరువు శిఖం భూముల, నాలా హద్దులను అధికారులు తేల్చాలి.