ఆటగాని వోటు

ఆటగాడు ఆడవలెను గాని మాటాడరాదని లోకమున నొక వాడుక స్థిరపడి యున్నది. గెలిచి వచ్చినపుడు వానికి పూలదండలు వేయుదురు. వాని బొమ్మను చూపి సబ్బులును శీతలపానీయములును అమ్ముకొందురు. ఎన్నికలు సమీపించినపుడు వానిని వేదికపై కూర్చుండబెట్టి ప్రక్కన నిలిచి ఛాయాచిత్రములు తీయించుకొందురు. కాని వాడు తనంతట తాను ప్రజావిషయమును గూర్చి యొక్క మాట పలికెనా, ‘నీ పని నీవు చూచుకొనుము’ అని దండలు వేసిన ఆ చేతులే వానిని వెనుకకు త్రోయును. ఈ వాడుకకు ఎదురు నిలిచిన క్రీడాకారులు పెక్కురు గలరు. వారిలో బ్రెజిలు దేశపు ఫుట్‌బాల్ మిడ్‌ఫీల్డరు సోక్రటీసును నేను ప్రత్యేకముగా స్మరించుటకు హేతువొకటి కలదు: దేశమునకు ప్రజాస్వామ్యము కావలెనని సభలలో ఎలుగెత్తుటకు ముందే అతడు తాను పనిచేయు చోట దానిని నెలకొల్పి, అందలి కష్టనష్టముల ననుభవించి చూచెను. అతని ఘనత లక్షల జనము నెదుట చేసిన ప్రసంగమున కన్న, ఆటగాళ్లు దుస్తులు మార్చుకొను గదిలో వేసిన వోటునందే హెచ్చుగా నున్నదని నా అభిప్రాయము.

అతడు 1954 ఫిబ్రవరి 19వ తేదీన అమెజాను నదీముఖమునకు చేరువనున్న బెలెం నగరమున జన్మించెను. తండ్రి రైముందో పేదకుటుంబమున పుట్టి, స్వయంకృషితో గ్రంథములు చదివి, ప్రభుత్వోద్యోగము సంపాదించిన దీక్షాపరుడు. యవన వాఙ్మయము నందలి భక్తిచేత తొలి ముగ్గురు కుమారులకును సోక్రటీసు, సొస్తెనీసు, సొఫొక్లీసు అని నామకరణము చేసెను. కడగొట్టు కుమారుడు రాయీ 1994లో ప్రపంచ కప్పు గెలిచిన బ్రెజిలు జట్టులో నుండెను. ఇంటినిండ పుస్తకములు గల రైముందో, 1964లో సైన్యము రాజ్యాధికారమును చేజిక్కించుకొనినపుడు, రష్యా విప్లవమును గూర్చిన గ్రంథములు ఇంటనుండుట ప్రాణాపాయమని తలచి, వానిని తన చేతులతోనే అగ్నికి ఆహుతి చేసెను. పదేండ్ల సోక్రటీసు ఆ మంటను చూచుచు నిలుచుండెను. అంతగా చదువును ప్రేమించిన తండ్రి చేతనే పుస్తకములు కాల్పించగల శక్తి యేదియో ఒకటి దేశమున నున్నదని తనకు తొలిసారి తెలిసివచ్చినది ఆనాడేనని అతడు పెద్దవాడైన పిదప పలుమారు జ్ఞాపకము చేసికొనుచుండెను.

సావోపాలో రాష్ట్రమునందలి రిబెయిరో ప్రెతో పట్టణమున కుటుంబము స్థిరపడగా, సోక్రటీసు అచ్చటి వైద్యకళాశాలలో చేరి, అదే కాలమున ఆ పట్టణపు బొటాఫోగో క్లబ్బు పక్షమున ఆడసాగెను. పగలు శవపరీక్షాగారమునను ఆసుపత్రియందును గడపి, తీరిక దొరకినపుడే సాధనకు వచ్చెడి ఈ విద్యార్థిని క్లబ్బువారు ఏల సహించిరో అతని ఆట చూచినవారికి తెలియును. వైద్యపట్టము చేతికి వచ్చిన పిదపనే, 1978లో, అతడు సావోపాలో నగరమునందలి కొరింథియన్స్ అను మహాసంస్థకు మారెను. 1979లో దేశపు జట్టున స్థానము దొరకెను. అప్పటినుండి బ్రెజిలు ప్రజలకు అతడు ‘డాక్టరు’ అయ్యెను.

ఆరడుగులు మించి మరి మూడంగుళముల పొడవు, సన్నని దేహము, ఆ దేహమునకు ఏ మాత్రము తగని చిన్న పాదములు, నల్లని గడ్డము: చూచుటకు అతడు ఆటగానివలె గాక కవివలెనో సన్న్యాసివలెనో ఉండెడివాడు. వేగముగ పరుగెత్తజాలడు, అంత పొడవైన శరీరమును గిఱ్ఱున త్రిప్పుటయు కష్టమే. ఆ లోపమునకు విరుగుడుగా అతడు తిరుగుటయే మానివేసి, వెనుకనున్న తోటివానికి బంతిని మడమతో అందించుట నభ్యసించి, పరులకు విన్యాసముగ తోచు దానిని తనకు నిత్యోపయోగ సాధనముగ చేసికొనెను. 1982లో స్పెయిను దేశమున జరిగిన ప్రపంచ కప్పులో అతడు బ్రెజిలు కెప్టెను. సెవిల్ నగరమున సోవియట్ జట్టు ఒక గోలు ముందంజలో నుండగా, ఆట మూడువంతులు గడచిన పిమ్మట, గోలునకు దూరముగ బంతిని అందుకొని, కొట్టుదునని బెదరించి ఒకనిని, మరల బెదరించి వేరొకనిని ప్రక్కకు తొలగించి, అప్పుడు నిజముగ కొట్టెను. దసాయెవ్ అంతటి గోల్‌కీపరు శరీరమంతయు చాచి యెగిరియు అందుకొనలేకపోయెను. ఆ జట్టున జీకో, ఫల్కావో, సెరెజో, ఎడెర్ ఉండిరి. శిక్షకుడు తెలె సంతానా సుందరముగ ఆడుటయే ధర్మమని నమ్మినవాడు. జూలై 5న బార్సిలోనాలో ఇటలీతో సరిసమానముగ నిలిచినను సెమీఫైనలు చేరగలిగియుండియు, సోక్రటీసు ఒకటియు ఫల్కావో ఒకటియు గోళ్లు చేసి రెండుమార్లు స్కోరు సమము చేసియు, కాచుకొనుట యెరుగక దాడి చేయుచునే యుండి, పావ్లో రోస్సీ చేసిన మూడు గోళ్లకు బలియై 3–2తో ఓడిరి. గెలిచిన జట్టులను పెక్కింటిని మరచిన లోకము ఓడిన ఆ జట్టును నేటికిని మరువలేదు.

ఇంతవరకు చెప్పినది ఆటగాని కథ. ఆ కాలమున బ్రెజిలునందు ఫుట్‌బాల్ ఆటగాని బ్రతుకు ఎట్టిదో తెలిసిననే తక్కినది బోధపడును. పోటీకి ఒకటి రెండు దినములు ముందుగానే ఆటగాళ్లనందరిని, పెండ్లయి బిడ్డలు గలవారిని సైతము, ఒక హోటలులో నిర్బంధించి కావలి కాయుట అచ్చట ఆచారము. ఎప్పుడు తినవలెనో, ఎప్పుడు నిద్రించవలెనో, ఎవరితో మాటాడవలెనో యజమానులు నిర్ణయింతురు. దేశమును సైన్యము ఏలిన రీతినే క్లబ్బులను పెద్దమనుష్యులు ఏలుచుండిరి. 1981లో కొరింథియన్స్ హీనస్థితికి దిగజారి పాలకవర్గము మారగా, అదిల్సన్ మొంతెయిరో అల్వెస్ అను సమాజశాస్త్రవేత్త ఫుట్‌బాల్ విభాగమునకు అధికారిగ వచ్చెను. తనకు ఆట తెలియదని ఒప్పుకొని, ఏమి చేయవలెనో చెప్పుడని అతడు ఆటగాళ్లనే అడిగెను. అట్లడిగిన అధికారిని వారు మున్నెన్నడును చూచియుండలేదు. సోక్రటీసును, కార్మికసంఘ ప్రజ్ఞ గల నల్లజాతి ఆటగాడు వ్లాదిమీరును, ఇరువది యేండ్లయినను నిండని కాసాగ్రాందెయు ముందు నిలువగా, ఒక క్రొత్త పద్ధతి ఆరంభమయ్యెను.

ఆ పద్ధతి సారాంశ మిది: ప్రతి విషయమును వోటునకు పెట్టవలెను, ప్రతివానికిని ఒక్కటే వోటు. సాధన ఏ వేళకు మొదలిడవలెను, క్రొత్తగా ఎవరిని చేర్చుకొనవలెను, దూరప్రయాణమున బస్సు ఎచ్చట ఆగవలెను మొదలైన చిన్నవియు పెద్దవియు అన్నియు చర్చకు వచ్చెడివి. దేశపు కెప్టెనైన సోక్రటీసు చేయి ఎత్తినను ఒక్కటే, ఆటగాళ్ల చొక్కాలు సర్దువాడు చేయి ఎత్తినను ఒక్కటే. ఒడలు పట్టువానికిని, గోలు చేసినవానికిని లెక్కలో భేదము లేదు. హోటలు నిర్బంధము ఐచ్ఛికమయ్యెను. ఇది అరాజకమని పత్రికలు కొన్ని ఘోషించెను. తాగుబోతులకు స్వేచ్ఛనిచ్చినచో ఆట చెడునని పెద్దలు జోస్యములు చెప్పిరి. జట్టు మాత్రము 1982లోను 1983లోను వరుసగా సావోపాలో రాష్ట్ర విజేతగ నిలిచెను. జట్టులోనే ఈ పద్ధతిని మెచ్చనివారు లేకపోలేదు. గోల్‌కీపరు లెయో వంటివారు, నలుగురైదుగురు మాటకారుల యిష్టమే సమ్మతముగ చెల్లుచున్నదని బాహాటముగనే విమర్శించిరి. ఆ విమర్శలో నిజము లేదనలేము. మాటనేర్పరి కొంత మిన్నగ చెల్లని సభ ప్రపంచమున నెచ్చటను లేదు. కాని వెనుకటి యేలుబడిలో అట్లు విమర్శించిన ఆటగాడు మరునాడు జట్టున నుండెడివాడు కాడు.

గదిలో నేర్చిన పాఠము మైదానమునకు వచ్చుటకు ఎంతయో కాలము పట్టలేదు. 1982 నవంబరు 15న రాష్ట్రముల గవర్నర్ల యెన్నికలు జరుగనుండగా, ‘15వ తేదీన వోటు వేయుడు’ అని చొక్కాల వీపున వ్రాయించుకొని ఆటగాళ్లు బరిలో దిగిరి. ఏ పక్షమునకు వేయవలెనో వారు చెప్పలేదు. పెక్కేండ్లుగ గవర్నరును నేరుగ ఎన్నుకొను వాడుక తప్పిన ప్రజలకు వోటు వేయుమని మాత్రమే చెప్పిరి. మరుసటి యేడు రాష్ట్ర ఫైనలు దినమున, గెలిచినను ఓడినను ప్రజాస్వామ్యము విడువమని వ్రాసిన పెద్ద పతాకమును జట్టంతయు పట్టుకొని మైదానమున ప్రవేశించెను. నాటి బ్రెజిలులో గ్రంథములు చదువనివారును సభలకు పోనివారును కోట్ల సంఖ్యలో ఉండిరి. వారందరును ఫుట్‌బాల్ చూచువారే.

1984 నాటికి దేశాధ్యక్షుని ప్రజలే నేరుగ నెన్నుకొనవలెనను ఉద్యమము వీథుల నిండెను. ఏప్రిల్ 16న సావోపాలో నగరమునందలి అన్యంగబావు లోయలో లక్షలాది జనము గుమిగూడగా, రేడియోలో ఫుట్‌బాల్ వ్యాఖ్యానముచే ప్రసిద్ధుడైన ఒస్మార్ సాంతోస్ సభను నడుపుచుండెను. ఇటలీనుండి గొప్ప వేతనముతో పిలుపు వచ్చియున్న సోక్రటీసు వేదికనెక్కి, ఆ మేరకు రాజ్యాంగ సవరణము నెగ్గినచో తాను దేశము విడిచి పోనని ప్రతిన చేసెను. ఏప్రిల్ 25న జరిగిన వోటింగులో సవరణమునకు అనుకూలముగ 298, ప్రతికూలముగ 65 వోట్లు వచ్చెను. కాని నెగ్గుటకు 320 కావలెను. సభకు రాక తప్పించుకొనిన ప్రతినిధులే దానిని చంపిరి. సోక్రటీసు ఫ్లారెన్సు నగరమునకు వెడలి, ఫియొరెంతీనా క్లబ్బున ఒక యేడు ముభావముగ గడపి, తిరిగివచ్చెను. ఇంతలో కొరింథియన్స్‌నందు 1985 క్లబ్బు ఎన్నికలలో అదిల్సన్ పక్షము ఓడుటతో ఆ ప్రయోగము ముగిసెను. వోటుతో నిలిచినది వోటుతోనే పోయెను. సైనికపాలన ఆ సంవత్సరముననే అంతరించినను, ప్రజలు తమ అధ్యక్షుని నేరుగ ఎన్నుకొనుటకు 1989 వరకు వేచియుండవలసి వచ్చెను.

ఇట్టివానిని దేవునిగ చేయుట మన జాతికి అలవాటు. ఆ పని నేను చేయను. 1986లో మెక్సికోలో, భూకంపముచే క్రుంగిన ఆ దేశమింకను నిలిచియే యున్నదని నుదుటి పట్టీపై వ్రాసికొని ఆడిన ఆ మహనీయుడే, ఫ్రాన్సుతో జరిగిన క్వార్టర్ ఫైనలున పెనాల్టీల వేళ, పరుగెత్తకుండ నిలుచున్న చోటినుండియే తన్ను అలవాటుచేత బంతిని గోల్‌కీపరు చేతికి పోగొట్టెను. దేశము పక్షమున 60 ఆటలలో 22 గోళ్లు చేసియు ప్రపంచ కప్పు నెన్నడును ముట్టలేదు. సిగరెట్టును మద్యమును విడువలేదు; వైద్యుడై యుండియు తన దేహమునకు తాను వైద్యము చేసికొనలేదు. ఆట మానిన పిదప పత్రికలలో వ్యాసములు వ్రాయుచు, ప్రభువులను నిలదీయుచు, తుదకు కాలేయము చెడి, 2011 డిసెంబరు 4న 57 యేండ్ల వయసున గతించెను. ఆ దినముననే కొరింథియన్స్ దేశవిజేత అయ్యెను. ఆట ఆరంభమునకు ముందు ఆటగాళ్లు, అతడు గోలు చేసినపుడు చేసిన రీతిగ, పిడికిలి బిగించి చేయెత్తి నిలిచిరి. అతని స్వేచ్ఛాప్రీతికిని అతని అలవాట్లకును మూలమొకటే కావచ్చును. కాని వ్యక్తి దౌర్బల్యమును చూపి అతడు నెలకొల్పిన పద్ధతిని త్రోసిపుచ్చుట న్యాయము కాదు.

ఈ కథ మనకేల యనువారికి 2022 ఆగస్టు నెలను గుర్తు చేయుదును. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య యెన్నికలలో రాష్ట్రసంఘముల ప్రతినిధులకు తోడు 36 మంది మేటి ఆటగాళ్లకును వోటుండవలెనని సుప్రీంకోర్టు మొదట ఆదేశించెను. బయటివారి జోక్యమను ఆరోపణతో ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థయైన ఫిఫా మన సమాఖ్యను తాత్కాలికముగ నిషేధింపగా, ఆ నిషేధము తొలగుటకై ఆటగాళ్ల వోటును తొలగింపవలసి వచ్చెను. పిమ్మట రాష్ట్రప్రతినిధులు మాత్రమే వోటు వేయగా, దేశమునకు కెప్టెనై కీర్తిగాంచిన భైచుంగ్ భూటియా 33–1తో ఓడిపోయెను. గెలిచిన కల్యాణ్ చౌబేయు పూర్వము గోల్‌కీపరే కనుక వ్యక్తులను గూర్చి వాదమక్కరలేదు. ఆడినవారికి ఆనాడు ఆ గదిలో వోటు లేకపోవుటయే నా ఆక్షేపము.

క్రీడాకారులు దేశవిషయములలో మౌనముగ నున్నారని నిందించువారును, మాటాడుచున్నారని నిందించువారును ఈ సంగతిని విస్మరించుచున్నారు. తన సాధన వేళను గాని, తన జట్టు ఎంపికను గాని, తన సంఘపు జమాఖర్చులను గాని ప్రశ్నించు హక్కు లేనివాడు, ప్రశ్నించినచో స్థానము పోవునని బాల్యమునుండియు ఎరిగినవాడు, ఒక్కసారిగ దేశమును గూర్చి ధైర్యముగ పలుకునని ఆశించుట వెఱ్ఱి. అట్లే, దూరదేశపు అన్యాయములను గూర్చి ఫోనులో రెండు వాక్యములు వ్రాసి, తన సంఘములోని అన్యాయమును చూచి తల త్రిప్పుకొను ప్రముఖుని ధైర్యమును మెచ్చుటయు తొందరపాటే. చొక్కాలు సర్దువానితో సమానమగు వోటునకు తల యొగ్గి, ఆ వోటులో తాను ఓడిననాడును కట్టుబడి యుండుట సోక్రటీసు అభ్యసించెను. అందుచేతనే అతడు వీథికి వచ్చి మాటాడినపుడు జనము నమ్మిరి. కనుక మన ఆటగాళ్లు నోరు విప్పవలెనని కోరువారు మొదట వారి సంఘముల నియమావళులను తెప్పించుకొని చదువుదురు గాక. జిల్లాసంఘము మొదలుకొని జాతీయసమాఖ్య వరకు, ఆడుచున్నవారికిని ఆడి విరమించినవారికిని లెక్కకు వచ్చునన్ని వోట్లు ఇండని పట్టుబట్టుట మనము నేడే చేయదగిన పని.