గోపురం కట్టే ముందు

గురజాల దగ్గరి పల్లె నుండి ఒక తల్లి వ్రాశారు: "మా అబ్బాయి నరసరావుపేటలో డిగ్రీ రెండవ సంవత్సరం. లాయరు కావాలని వాడి కోరిక. అందుకోసం ఇప్పుడు కాలేజీ మారి ఫిలాసఫీ చదువుతానంటున్నాడు. మిర్చి డబ్బంతా ఫీజులకే పోయింది. ఏం చేయమంటారు?"

అమ్మా, తత్వశాస్త్రం మంచి చదువే. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వేలూరు వూర్‌హీస్ కాలేజీ నుండి మద్రాసు క్రిస్టియన్ కాలేజీకి మారి ఆ చదువే చదివారు. 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్, 1962లో రాష్ట్రపతి అయ్యారు.

అయితే లా చదవడానికి ఫిలాసఫీ తప్పనిసరి కాదు. మూడేళ్ల ఎల్.ఎల్.బి.కి ఏ డిగ్రీ అయినా చాలు. ఓ.సి.లకు 45, బి.సి.లకు 42, ఎస్.సి., ఎస్.టి.లకు 40 శాతం మార్కులుండాలి. బి.సి.-సి సర్టిఫికెట్ ఉంటే 42 వర్తిస్తుంది. లాసెట్‌లోని 120 ప్రశ్నలు జనరల్ నాలెడ్జి, వర్తమాన విషయాలు, న్యాయశాస్త్ర అభిరుచి మీదనే. న్యాయం అంటే ఏమిటన్న తాత్విక చర్చ లా కోర్సులో జురిస్‌ప్రుడెన్స్ పాఠంగా ఎలాగూ వస్తుంది.

కోప్పడకుండా అబ్బాయిని ఒక్కమాట అడగండి: ఫిలాసఫీ మీద ప్రేమా, ఇప్పటి సబ్జెక్టులంటే భయమా? భయమైతే కాలేజీ మారినా అది వెంటే వస్తుంది. ప్రేమే అయితే, చదివిన రెండేళ్లు కొత్తచోట లెక్కకు వస్తాయో లేదో యూనివర్సిటీ నుండి కాగితం మీద తెచ్చుకోమనండి. రాకపోతే డిగ్రీ ముగించి, ఆ పుస్తకాలు సెలవుల్లో చదువుకోవచ్చు.

గోపురం కట్టేవాడి ఉపమానం అబ్బాయికి తెలిసిందే. కూర్చుని లెక్క చూడమనండి. మీరూ ప్రక్కన కూర్చోండి.