ఒకటి తక్కువ యాభై

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమంటే మనలో చాలామంది లక్ష్యం, క్రమశిక్షణ గురించి రాస్తారు. నేను రోమన్ అంకెల గురించి రాస్తున్నాను. నవ్వకండి తమ్ముళ్ళూ! నాకు లెక్కలంటే భయం పుట్టింది అక్కడే.

ఆరో తరగతిలో 49ని రోమన్ అంకెల్లో రాయమని బోర్డు దగ్గరకు పిలిచారు. ముందు ఐ రాసి, పక్కన ఎల్ పెట్టాను. మా అమ్మ కూలి డబ్బులు లెక్కబెట్టేటప్పుడు "ఒకటి తక్కువ యాభై" అంటుంది. ఎల్ అంటే యాభై, చిన్నది ముందుంటే తీసివేయాలి అని సారే చెప్పారు. ఇంక తప్పేముంది? సారు వీపు మీద ఒకటి చరిచి, "హాస్టలోళ్ళకు చార్టు కూడా బట్టీ రాదు" అన్నారు. క్లాసంతా నవ్వింది.

జవాబు తప్పే. ఎందుకు తప్పో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఐ ని వి, ఎక్స్‌ల ముందే పెట్టాలి. ఎక్స్‌ని ఎల్, సి ల ముందే, సి ని డి, ఎం ల ముందే. అంటే పదుల లెక్క పదులదే, ఒకట్ల లెక్క ఒకట్లదే. 49లో ముందు నలభై, ఎక్స్ఎల్. తర్వాత తొమ్మిది, ఐఎక్స్. ఇంత చిన్న మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం లేక నేను రెండేళ్ళు వెనక బెంచీలో కూర్చున్నాను.

పీజీకి వచ్చాక తెలిసింది, లాటిన్‌లో 49ని పలికే మాటకు అర్థం అచ్చంగా "ఒకటి తక్కువ యాభై" అనే! రాతలో కూడా ఈ నియమాలను రోమన్లు గట్టిగా పాటించలేదు. క్రీ.శ. 9లో జర్మనీలో చనిపోయిన మార్కస్ కేలియస్ అనే సైనికాధికారి స్మారక శిల మీద 18ని ఎక్స్ఐఐఎక్స్ అని చెక్కారు. రెండు తక్కువ ఇరవై అన్నమాట. కొలోసియం 44వ ద్వారం మీద ఎక్స్ఎల్ తర్వాత నాలుగు గీతలున్నాయి. వాళ్ళ వీపు ఎవరు చరిచారు?

చార్టు బట్టీ పట్టించడం మానేయాలన్నది నా అభిప్రాయం. కూలి పంచే మేస్త్రిని చూడండి. పెద్ద నోటు ముందు, చిల్లర చివర. ఒకటి, అయిదు, పది, యాభై, వంద, అయిదు వందలు, 2016లో రద్దయిన వెయ్యి నోటు. రోమన్ల ఏడు గుర్తులూ ఇవే. (ఇరవై నోటు పాపం వాళ్ళకు లేదు.) వీటికి "తక్కువ" జంటలు ఆరు కలపండి: 900, 400, 90, 40, 9, 4. ఇప్పుడు 1947 చెల్లిద్దాం. వెయ్యి పోతే ఎం, మిగిలింది 947. 900 పోతే సిఎం, మిగిలింది 47. 40 పోతే ఎక్స్ఎల్, మిగిలింది 7. అయిదు పోతే వి, ఇంక రెండు ఐ లు. ఎంసిఎంఎక్స్ఎల్విఐఐ. ఇలా 3999 దాకా పోవచ్చు. ఆపైన గుర్తు మీద అడ్డగీత గీసి వెయ్యి రెట్లు చేయాలి.

సెల్‌ఫోన్‌లో కొడితే వచ్చేదానికి ఇంత అవసరమా అని మా రూమ్మేటే అడిగాడు. గుణకారానికి ఈ అంకెలు పనికిరావని, సున్నా ఉన్న మన అంకెలే గెలిచాయని నాకూ తెలుసు. కానీ రాజ్యాంగం ఇంగ్లీషు ప్రతి తెరిస్తే భాగాల సంఖ్యలన్నీ రోమన్‌లోనే. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణ ఐఐఐ వ భాగంలో ఉంది. మన చదువుల సంగతి చెప్పే 46వ అధికరణ ఐవి లో. చట్టసభల్లో మన రిజర్వేషన్లు ఎక్స్విఐ లో. ఆ పుస్తకంలో మన పిల్లలు తడుముకోకూడదు.

వార్డెన్ గారికి ఒక మనవి. ఆదివారం స్టడీ అవర్‌లో ఆరు, ఏడు తరగతుల వాళ్ళను అరగంట నాకు అప్పజెప్పండి. కాగితం నోట్లు నేనే కత్తిరించి తెస్తాను. ఐ పక్కన ఎల్ పెట్టినవాణ్ణి ముందు వరసలో కూర్చోబెడతాను.