అడిగితే చెప్తం: చేప కంటే ముందు నీళ్లు

భీవండి నుంచి ఒక అక్క ఉత్తరం రాసింది. "దీపావళి బోనస్‌ల కొంత పక్కకు పెట్టినం. మా చిన్నోడు నీమో చేప కావాలని రెండేండ్ల సంది అడుగుతుండు. దుకాణపాయన తొట్టి, ఉప్పు, చేప అన్నీ ఇయ్యాలనే తీసుకపొమ్మంటుండు. కొనమంటరా?"

కొనండి అక్కా. కానీ ఇవాళ తొట్టి, సామాను మాత్రమే కొనండి. చేపను నెలా పదిహేను రోజుల తర్వాత తెచ్చుకోండి. అన్నీ ఒక్కరోజే కొంటే చాలాసార్లు చేప వారం పది రోజులకే చచ్చి తేలుతది. బోనస్ పైసలు పోతయి, పిల్లగాడు ఏడుస్తడు.

కారణం ఇది. చేప మలం, మిగిలిన మేత కలిసి నీళ్లలో అమోనియా అనే విషం పుడుతది. కంటికి కనపడని సూక్ష్మజీవులు దాన్ని ముందు నైట్రైట్‌గా, ఆ తర్వాత నైట్రేట్‌గా మారుస్తయి. నైట్రైట్ కూడా విషమే. నైట్రేట్‌తో హాని చాలా తక్కువ. కొత్త తొట్టిలో ఈ జీవులు సరిపడా ఉండవు. అవి పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతది. గంజి పట్టని పడుగును మగ్గం మీదికెక్కిస్తే పోగులు తెగుతయి గదా, ఇదీ అంతే.

మొదలుపెట్టేవాళ్లకు 100 లీటర్ల తొట్టి మంచిది. మరీ చిన్నదైతే నీళ్లు తొందరగా పాడైతయి. నీళ్లే 100 కిలోలు, అద్దం, ఇసుక వేరే. అందుకే చాళీల్లో కట్టెపలకల మాళిగ మీద పెట్టొద్దు. గట్టి నేల మీద, గోడ పక్కన, ఎండ తగలని చోట పెట్టండి.

వంటింటి ఉప్పు పనికిరాదు. సముద్రపు నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం అందులో సరిపడా ఉండవు. అక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పే కావాలి. లీటరుకు సుమారు 35 గ్రాములు, అంటే 100 లీటర్లకు మూడున్నర కిలోలు. హైడ్రోమీటర్‌లో 1.025 దగ్గర చూపాలి. వాడ దగ్గరి సముద్రం నుంచి నీళ్లు ముంచుకొచ్చుడు వద్దు, నగరం మురికంతా అందులోనే కలుస్తది. నల్లా నీళ్లయితే క్లోరిన్ తీసే మందు కలిపిన తర్వాతే వాడండి.

నీళ్లు నింపి, ఇసుక, రంధ్రాలున్న సిరామిక్ ముక్కలు వేసి, ఫిల్టర్ నడపండి. రోజూ చిటికెడు చేపల మేత వేయండి. అది కుళ్లి అమోనియా పుడుతది, దాన్ని తిని సూక్ష్మజీవులు పెరుగుతయి. టెస్ట్ కిట్‌లో ముందు అమోనియా, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతయి. మేత వేస్తున్నా రెండూ సున్నా చూపితేనే తొట్టి తయారైనట్టు.

ఇంకో సంగతి. ఉప్పుమడిలో ఎండకు నీళ్లు పోయి ఉప్పు మిగిలినట్టే తొట్టిలోనూ నీళ్లే ఆవిరైతయి. తగ్గినంత మంచినీళ్లే పోయండి, ఉప్పునీళ్లు పోస్తే ఉప్పు ఎక్కువైతది. రెండు వారాలకోసారి పదో వంతు తీసి కొత్త ఉప్పునీళ్లు నింపండి. కరెంటు పోతే బ్యాటరీ గాలి పంపు దగ్గరుండాలి. నీళ్లు 24 నుంచి 27 డిగ్రీలుంటే మేలు. షోలాపూర్ లాంటి చోట వేసవిలో నీళ్ల మీదికి ఫ్యాను తిప్పాలి.

పిల్లలు నీమో అనేది క్లౌన్ చేప. హేచరీలో పుట్టినదాన్నే అడిగి తీసుకోండి. తమిళనాడులో మండపంలో ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ప్రాంతీయ కేంద్రం వీటిని తొట్లలోనే పొదిగించింది. సముద్రంలో పట్టినవాటి కంటే ఇవి తొట్టికి తొందరగా అలవాటైతయి. పగడాలు, సముద్ర గుర్రాలు ఎవరు చూపినా కొనొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అవి రక్షిత జీవులు, కొన్నా కేసే.

ఉప్పు, కరెంటు, టెస్ట్ కిట్, ఇవి ప్రతినెలా ఖర్చే. బాగా చూసుకుంటే క్లౌన్ చేప పదేండ్లు దాటి బతుకుతది. ఇంటి ఖర్చులు పోను అంత మిగలదనుకుంటే మంచినీళ్ల గప్పీలతో మొదలుపెట్టండి, అందులో చిన్నతనమేం లేదు.

ఉప్పునీళ్ల తొట్టే పెడితే, టెస్ట్ లెక్కలు చిన్నోడితోనే రోజూ నోట్‌బుక్‌లో రాయించండి. నెల రోజులు వానికి తెలవకుండనే గడుస్తయి. రెండూ సున్నా పడ్డ రోజు వాన్నే దుకాణానికి తీసుకపోండి, చేపను వాడే ఏరుకుంటడు.